పందొమ్మిది మిల్లీమీటర్ల దూరం: బ్రౌజరును మూసే మీటలు ఎలా ఉండాలి?

కంప్యూటరు కీబోర్డు మీద క్యూ, డబ్ల్యూ అనే రెండు అక్షరాల మీటలు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని మధ్యబిందువు నుంచి రెండవదాని మధ్యబిందువుకు దూరం సుమారు 19 మిల్లీమీటర్లు. ఆపిల్ కంప్యూటర్లపై కమాండ్ మీటను అదిమిపట్టి డబ్ల్యూను నొక్కితే బ్రౌజరులో కళ్లెదుట ఉన్న ఒక్క పుట మూతపడుతుంది. అదే కమాండ్‌తో క్యూను నొక్కితే తెరిచి ఉన్న పుటలు, విండోలు అన్నీ బ్రౌజరుతో సహా మూతపడతాయి. ఒక కాగితాన్ని మడిచి పక్కన పెట్టడానికీ, కాగితాలతో సహా రాతబల్లనే ఎత్తి అవతల పారవేయడానికీ మధ్య ఉన్న దూరం పందొమ్మిది మిల్లీమీటర్లన్నమాట!

విండోస్ కంప్యూటర్లు వాడేవారు ఇది చూసి సంతోషించనక్కరలేదు. అక్కడ కంట్రోల్, డబ్ల్యూ మీటలు కలిస్తే ఒక టాబ్ మూతపడుతుంది. ఆ రెంటికీ షిఫ్ట్ తోడైతే విండో యావత్తూ మూతపడుతుంది. షిఫ్ట్ మీట ఉన్నది కంట్రోల్ మీటకు సరిగ్గా పైవరుసలోనే. ఎడమచేతి చిటికెన వేలు కాస్త వెడల్పుగా పడితే చాలు.

చూడడానికి ఇది అల్పవిషయమే. కాని ప్రవాసంలో ఉన్న తెలుగు కుటుంబాల జీవితంలో ఎంత భాగం ఈ బ్రౌజరు కిటికీల గుండా సాగుతున్నదో ఆలోచిస్తే అల్పమనిపించదు. స్వగ్రామంలోని తల్లిదండ్రులను అమెరికాకు రప్పించడానికి వారి తరఫున డి.ఎస్. 160 వీసా దరఖాస్తును నింపేది బ్రౌజరులోనే. 20 నిమిషాల పాటు కదలిక లేకపోతే చాలు, ఆ దరఖాస్తు గడువు ముగిసిందని చెప్పి మొదటికి పంపుతుంది. పిల్లల కళాశాల ప్రవేశానికి, ఆర్థిక సహాయానికి దరఖాస్తులు, బ్యాంకు వ్యవహారాలు, పన్నుల లెక్కలు, దూరాన ఉన్న ఆప్తులకు రాసే ఉత్తరాలు, అన్నిటికీ అదే ద్వారం. గంటసేపు కూర్చి రాసినదంతా ఒక్క వేలి తడబాటుతో పోయిన అనుభవం లేని ఇల్లు అరుదు. పోయినప్పుడు ఎవరికి వారు తమ అజాగ్రత్తనే నిందించుకొని ఊరుకుంటారు. నిందించవలసినది వేలిని కాదు, మీటల అమరికను. ఆ అమరికను మార్చడం సాధ్యం, అవసరం కూడా.

టైపుయంత్రం నాటి వారసత్వం

క్యూ పక్కన డబ్ల్యూ ఎందుకున్నదన్న ప్రశ్నకు కంప్యూటరు శాస్త్రంలో సమాధానం లేదు. 1874లో రెమింగ్టన్ సంస్థ అమ్మకానికి పెట్టిన షోల్స్–గ్లిడెన్ టైపుయంత్రం మీద ఆ రెండక్షరాలూ పక్కపక్కన కూర్చున్నాయి, నేటికీ లేవలేదు. నూరేళ్ల తరువాత వచ్చిన కంప్యూటరు నిపుణులు 'క్విట్' అనే మాటకు క్యూ అక్షరాన్ని కేటాయించినప్పుడు, 'విండో' అనే మాటకు డబ్ల్యూ అక్షరం అతికినప్పుడు, గుర్తుపెట్టుకోవడానికి సులువుగా ఉండాలన్న విషయం పనిచేసిందే కాని, ఆ రెండూ ఇరుగుపొరుగు మీటలన్న విషయం పనిచేయలేదు. జ్ఞాపకానికి అనుకూలమైనది వేలికి అనుకూలం కావాలని లేదు.

దీనికి భిన్నంగా ఆలోచించిన సందర్భాలూ చరిత్రలో ఉన్నాయి. 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరును తయారుచేసిన బృందంలోని ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ, యంత్రాన్ని మొదటినుంచి తిరిగి నడిపించడానికి ఒక మీటల కలయికను ఎంచుకోవలసి వచ్చింది. మొదట ఆయన కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ మీటలను అనుకొన్నాడు. అవన్నీ ఎడమవైపునే ఉన్నందువల్ల చేయి పొరపాటున తగిలితే చాలు, పని అంతా తుడిచిపెట్టుకుపోతుందని గమనించి, ఎస్కేప్‌కు బదులు కుడివైపున దూరంగా ఉన్న డిలీట్‌ను ఎన్నుకొన్నాడు. రెండు చేతులూ పూనుకుంటే తప్ప ఆ పని జరగదు. కంట్రోల్–ఆల్ట్–డిలీట్ గురించి తరువాతి కాలంలో ఎన్ని పరిహాసాలు పుట్టినా, దాని వెనుక ఉన్న ఆలోచన పదహారణాలా సరైనది: నష్టం ఎంత పెద్దదైతే మీటలు అంత ఎడంగా ఉండాలి.

1987లో అదే సంస్థ ప్రకటించిన కామన్ యూజర్ యాక్సెస్ అనే నియమావళి నుంచి ఆల్ట్–ఎఫ్4 కలయిక ప్రచారంలోకి వచ్చింది. అది విండోను మూస్తుంది. కంట్రోల్–ఎఫ్4 లోపలి పత్రాన్ని మాత్రమే మూస్తుంది. ఆల్ట్ అట్టడుగు వరుసలోనిది, ఎఫ్4 అన్నిటికంటె పైవరుసలోనిది. అక్షరాలు టైపు చేస్తున్న చేయి ఆ రెంటినీ ఒకేసారి యాదృచ్ఛికంగా తాకడం అరుదు.

ఇక టాబుల సంగతి. ఒకే విండోలో అనేక పుటలను దొంతరగా ఉంచే పద్ధతి ఫైర్‌ఫాక్స్ తొలి సంచికతో 2004లోను, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఏడవ సంచికతో 2006లోను, క్రోమ్ రాకతో 2008లోను సామాన్యుల చేతికి అందింది. అంతకుముందు ఒక విండోలో ఒక పుటే ఉండేది. డబ్ల్యూ నొక్కితే పోయేది ఆ ఒక్క పుటే. టాబులు వచ్చాక డబ్ల్యూను టాబుకు ఇచ్చి, విండోకు షిఫ్ట్ తగిలించారు. ఒకప్పుడు విండో అంటే ఒక పుట, ఇప్పుడు విండో అంటే ముప్పయి పుటలు కావచ్చు. నష్టం ముప్పయి రెట్లు పెరిగింది. అడ్డుగా నిలిచిన గోడ మాత్రం ఒక్క షిఫ్ట్ మీటంత.

తిరిగి వచ్చేవి, తిరిగి రానివి

రసాయన శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ ద్విగత చర్యలు, ఏకగత చర్యలు అనే విభజన పరిచితమే. మైలుతుత్తాన్ని వేడిచేస్తే అందులోని నీరు పోయి నీలిరంగు మాసి తెల్లబడుతుంది. నాలుగు చుక్కల నీరు చల్లితే మళ్లీ నీలిరంగు వస్తుంది. పాలలో నిమ్మరసం పిండితే విరిగిపోతాయి. ఆ విరిగిన పాలను ఏ విద్యతోనూ మళ్లీ పాలుగా చేయలేరు. మొదటి ప్రయోగంలో పొరపాటున వేడిచేసినా నిశ్చింతగా వెనక్కు రావచ్చు. రెండవది చేసేముందు ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు.

అదే శాస్త్రంలో ఉత్తేజన శక్తి అనే భావన ఒకటి ఉన్నది. గ్రంథాలయంలోని పుస్తకాలన్నీ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బూడిద కావడానికి అనుక్షణం అర్హత కలిగినవే. అయినా నూరేళ్లు భద్రంగా ఉంటాయి. కాగితానికీ మంటకూ మధ్య ఒక శక్తి గోడ ఉన్నది. అగ్గిపుల్ల గీచి ఆ గోడను దాటిస్తే తప్ప చర్య మొదలుకాదు. ప్రకృతిలో ఆ గోడ ఎత్తును ఎవరూ నిర్ణయించలేదు. కీబోర్డు మీద మాత్రం దానిని నిర్ణయించేది మనుషులే. ఏ పని తిరిగి సరిదిద్దుకోదగినదో దాని గోడ తక్కువగా ఉండాలి. ఏ పని పెదవి దాటిన మాటవంటిదో దాని గోడ ఎత్తుగా ఉండాలి. బ్రౌజరును మూసే మీటల విషయంలో పాటించవలసిన సూత్రం ఇంతే.

ఈ సూత్రాన్ని పరిశ్రమలు ఎప్పుడో గ్రహించాయి. ప్రయోగశాలల్లో హైడ్రోజన్ వంటి మండే వాయువుల సిలిండర్లకు మరలు ఎడమచేతి వాటంగా ఉంటాయి. ఆక్సిజన్, నైట్రోజన్ సిలిండర్లకు కుడిచేతి వాటంగా ఉంటాయి. ఒకదానికి బిగించవలసిన పరికరాన్ని రెండవదానికి బిగించబోతే అది ఎక్కదు. 'జాగ్రత్త' అని రాసిన బోర్డు చేయలేని పనిని ఆ మర చేస్తుంది.

పొరపాటు అజ్ఞానం వల్ల కాదు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వారి బి–17 విమానాలు క్షేమంగా నేలకు దిగిన తరువాత, పరుగు తీస్తూ పొట్టమీద కూలబడిన సంఘటనలు పదేపదే జరిగాయి. రెక్కల వెనుక భాగాలను ముడవవలసిన పైలట్లు చక్రాలను ముడిచేస్తున్నారు. ఆల్ఫోన్స్ చాపనిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశీలించి చూస్తే, ఆ రెండు పనులకూ ఒకే రకం మీటలు పక్కపక్కన ఉన్నాయి. పైలట్లను మందలించినందువల్ల ప్రయోజనం లేకపోయింది. చక్రాల మీటకు చక్రం ఆకారంలోను, రెక్కల మీటకు రెక్క ఆకారంలోను పిడులు తగిలించడంతో ఆ పొరపాటు దారికి వచ్చింది. విమానం నడిపేవారు పామరులు కారు. ఎంతో శిక్షణ పొందినవారు. సరిగ్గా అందువల్లనే అటువంటి పొరపాటుకు లోనయ్యారు.

డొనాల్డ్ నార్మన్ 1981లోను, జేమ్స్ రీజన్ 1990లోను మానవ దోషాలను వర్గీకరించినప్పుడు ఒక ముఖ్యమైన తేడాను చూపారు. తెలియక తప్పుడు నిర్ణయం తీసుకోవడం ఒకటి. నిర్ణయం సరిగానే ఉండి చేయి తడబడడం మరొకటి. రెండవ రకం దోషం కొత్తగా నేర్చుకొనేవారికంటె చేయి తిరిగినవారికే ఎక్కువగా సంభవిస్తుంది. కొత్తవాడు ప్రతి మీటనూ చూసి నొక్కుతాడు. చేయి తిరిగినవాడి మనస్సు ముందున్న వాక్యం మీద ఉంటుంది. వేళ్లు వాటంతట అవే నడుస్తాయి. అటువంటివారికి 'జాగ్రత్తగా ఉండండి' అని చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే.

అలవాటు చేసే హాని మరొక రూపంలో కూడా వస్తుంది. యూనిక్స్ సంప్రదాయంలో పనిచేసే ఇంజనీర్లకు ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో కంట్రోల్–డబ్ల్యూ అంటే వెనుకటి ఒక్క మాటను చెరిపివేయడం. ఈమాక్స్ అనే సంపాదక సాధనంలో అదే కలయికకు ఎంచుకొన్న భాగాన్ని కత్తిరించడమని అర్థం. రోజుకు వందసార్లు ఆ మీటలు నొక్కే చేయి, అదే టెర్మినల్‌ను బ్రౌజరులో తెరిచి పనిచేస్తూ ఒక్క మాటను చెరపబోతే పుట అంతా మూతపడుతుంది. మాట పోగొట్టబోతే గ్రంథం పోయినట్లు! సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్న తెలుగువారు ఇంతమంది ఉండగా ఈ బాధ ఎందరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగు రాతలో మరొక చిక్కు

ఆంగ్లాక్షరాలతో తెలుగును టైపు చేసే పద్ధతులు ప్రవాసాంధ్రులకు చిరపరిచితం. ఇంటర్నెట్ తొలి దినాలలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ ఎందరికో తెలుగు రాతను తిరిగి అలవాటు చేసింది. ఈ పద్ధతిలో పెద్దక్షరాలకు ప్రత్యేక విలువ ఉన్నది. తకారానికి చిన్న టి, టకారానికి పెద్ద టి. నకారానికి చిన్న ఎన్, ణకారానికి పెద్ద ఎన్. లకారానికి చిన్న ఎల్, ళకారానికి పెద్ద ఎల్. ఆంగ్లం రాసేవారికి వాక్యం మొదటనో పేర్లకో మాత్రమే అవసరమయ్యే షిఫ్ట్ మీట, తెలుగు రాసేవారికి మాటమాటకూ కావాలి.

ఆ షిఫ్ట్‌కు కింద కాచుకొని ఉన్నది కంట్రోల్. వేలు ఒక్క వరుస కిందికి జారితే టకారానికి బదులు కొత్త టాబ్ తెరుచుకొంటుంది. ణకారానికి బదులు కొత్త విండో తెరుచుకొంటుంది. ళకారానికి బదులు చూపు పైనున్న చిరునామా గడిలోకి ఎగిరిపోతుంది. ఇవి చిరాకు పుట్టించేవే కాని నష్టం కలిగించేవి కావు. 'కృష్ణ' అని రాయబోయినవారి పరిస్థితి వేరు. అందులోని ఋకారానికి పెద్ద ఆర్ కావాలి. కంట్రోల్–ఆర్ పుటను మొదటినుంచి తిరిగి తెప్పిస్తుంది. అంతవరకు రాసినది చాలా చోట్ల మాయమవుతుంది. ఆంగ్లం మాత్రమే రాసేవారిని దృష్టిలో ఉంచుకొని అమర్చిన షార్ట్‌కట్లు ఇతర భాషలవారిని ఎలా ఇబ్బంది పెడతాయో తెలుసుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. డబ్ల్యూ గురించి ఆలోచించేవారు ఆర్ గురించి కూడా ఆలోచించక తప్పదు. పుటను మూసివేయడం, ముగియని రాతపై పుటను తిరిగి తెప్పించడం, ఈ రెండూ రాసేవారి దృష్టిలో ఒకటే.

'నిజంగా మూయమంటారా?'

అయితే మూసేముందు ప్రతిసారీ బ్రౌజరు ఒక ప్రశ్న అడిగితే సరిపోదా? అది అందరికీ మొదట తట్టే పరిష్కారం. మాకింతోష్ పథకానికి 1979లో ఆద్యుడైన జెఫ్ రాస్కిన్, 2000లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ పరిష్కారంలోని డొల్లతనాన్ని విశదంగా చూపించాడు. ప్రతిసారీ అడిగే ప్రశ్నకు జవాబు కూడా అలవాటైపోతుంది. మూసే మీట, వెనువెంటనే 'ఔను' అనే మీట, ఈ రెండూ కలిసి వేళ్లకు ఒకే చర్యగా మారిపోతాయి. పదిమందిలో తొమ్మిదిమందికి అనవసరమైన ప్రశ్న, అవసరమైన పదవ మనిషిని కూడా కాపాడదు.

ప్రశ్నకంటె మేలైనది పరిహారం. చేసిన పనిని వెనక్కు తీసుకొనే సౌకర్యం ఉండాలని ఐ.బి.ఎం. పరిశోధకులు లాన్స్ మిల్లర్, జాన్ థామస్ 1976లోనే సూచించారు. బ్రౌజర్లలో ఆ సౌకర్యం 2006లో ఫైర్‌ఫాక్స్ రెండవ సంచికతో బాగా ప్రచారంలోకి వచ్చింది: కంట్రోల్, షిఫ్ట్, టి కలిపి నొక్కితే చివరగా మూసిన టాబ్ తిరిగి తెరుచుకొంటుంది. ఇప్పుడు ప్రముఖ బ్రౌజర్లన్నిటిలోనూ ఇది ఉన్నది. ఆపిల్ కంప్యూటర్లపై కంట్రోల్‌కు బదులు కమాండ్ వాడాలి. ఈ ఒక్క కలయిక తెలియక ఎంతోమంది చేతులు కాలకుండానే ఆకులు వెదుకుతున్నారు.

కాని ఈ పరిహారానికి ఒక పెద్ద లోటు ఉన్నది. టాబ్ తిరిగి వచ్చినప్పుడు చిరునామా వస్తుంది, అంతకుముందు చూసిన పుటల వరుస వస్తుంది. అందులో రాసిన రాత వస్తుందని హామీ లేదు. కొన్ని చోట్ల వస్తుంది, కొన్ని చోట్ల రాదు. గోప్య విండోలో మూసినదైతే కొన్ని బ్రౌజర్లలో ఏదీ రాదు. ఖాళీ కుండను తిరిగి ఇచ్చి పాలు తిరిగి ఇచ్చామని చెప్పుకోవడం వంటిది ఇది. చర్య ద్విగతమన్న భ్రమ కలుగుతుంది, నిజానికి సగమే ద్విగతం.

తప్పించుకొనే దారి

మూయడాన్ని కష్టతరం చేయడమే లక్ష్యమైతే సమస్య సులువుగా తీరిపోయేది. కాని మూసే మీటకు రెండవ ధర్మం ఒకటి ఉన్నది. అది ఆపత్కాలంలో బయటపడే ద్వారం.

'మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి' అంటూ తెర నిండా పరుచుకొని, గంటలు మోగిస్తూ భయపెట్టే పుటలు ఉన్నాయి. వాటి ప్రధాన లక్ష్యం వృద్ధులు. స్వదేశంలో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులు కావచ్చు, పిల్లల వద్దకు వచ్చి పగటిపూట ఇంట్లో ఒక్కరే ఉన్న పెద్దలు కావచ్చు. అటువంటి పుట ముందు కూర్చొన్న మనిషికి, ఆ పుటతో సంబంధం లేకుండా దానిని మూసివేయగల మీట ఒకటి తప్పనిసరిగా పనిచేయాలి. క్రోమ్ వంటి బ్రౌజర్లు మామూలు విండోలలో కంట్రోల్–డబ్ల్యూను పుటలు స్వాధీనం చేసుకోకుండా అట్టిపెట్టుకొన్నది ఇందుకే. బ్రౌజరులోని టెర్మినల్ వాడే ఇంజనీరుకు కష్టం కలిగించిన నియమమే పెద్దలకు రక్ష. ఇంజనీరు కష్టాన్ని తీర్చబోయి ఈ రక్షను తీసివేయకూడదు.

1903లో చికాగో నగరంలోని ఇరోక్వాయ్ నాటకశాలలో జరిగిన అగ్నిప్రమాదంలో 600 మందికి పైగా మరణించారు. తలుపుల గడియలు ఎలా తీయాలో ప్రేక్షకులకు తెలియకపోవడం ఆ విషాదానికి ఒక కారణం. ఆ తరువాతనే, మీదపడి తోస్తే చాలు తెరుచుకొనే అడ్డకమ్మీ తలుపులు వాడుకలోకి వచ్చాయి. ఆ కమ్మీ విశేషమేమంటే, దారిన పోతూ మోచేయి తగిలితే తెరుచుకోదు. కావాలని తోస్తే పసిపిల్లవాడికి కూడా తెరుచుకొంటుంది. బ్రౌజరును మూసే మీటకు కావలసినది ఆ గుణమే: యాదృచ్ఛిక స్పర్శకు లొంగరాదు, ఉద్దేశించిన ఒత్తిడికి ఎదురుచెప్పరాదు.

ఏం చేయాలి?

పై చర్చనుంచి నాలుగు సూచనలు తేలుతాయి.

మొదటిది, ఒక్క టాబును మూసే కంట్రోల్–డబ్ల్యూ ఇప్పుడున్నంత సులువుగానే ఉండాలి, ప్రశ్నలు అడగరాదు. దానికి బదులుగా, మూసిన టాబ్ తిరిగి వచ్చినప్పుడు అందులో రాసిన రాత కూడా తిరిగి వచ్చే బాధ్యతను బ్రౌజరు వహించాలి. సంకేతపదాలు, బ్యాంకు కార్డుల అంకెలు మినహాయించి తక్కిన రాతను కొద్ది నిమిషాల పాటు ఆ కంప్యూటరులోనే దాచి ఉంచడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. నిజమైన పరిహారం ఉన్నచోట అడ్డుగోడ అవసరం లేదు.

రెండవది, విండో యావత్తునూ మూసే కలయికను, బ్రౌజరునే ముగించే కలయికను ఒక్క తాకిడితో పనిచేయనివ్వరాదు. మీటను ఒక క్షణం పాటు అదిమిపట్టి ఉంచితేనే అవి పనిచేయాలి. ఇది ఊహాకల్పన కాదు. ఆపిల్ కంప్యూటర్లలోని క్రోమ్‌లో కమాండ్–క్యూకు ఈ ఏర్పాటు ఇప్పటికే ఉన్నది. ప్రశ్నకూ దీనికీ తేడా స్పష్టం. ప్రశ్నకు జవాబు అలవాటైపోతుంది. పొరపాటున తగిలిన వేలు మాత్రం క్షణం పాటు అక్కడే నిలవదు, తప్పు తెలిసి వెంటనే లేచిపోతుంది. ఈ ఏర్పాటు ఒక్క బ్రౌజరుకు, ఒక్క మీటకు పరిమితం కాక విండో మూసే మీటకు కూడా, అన్ని యంత్రాలపైనా వర్తించాలి.

మూడవది, చివరి టాబ్ సంగతి. ఐదు టాబులు తెరిచి ఉండగా కంట్రోల్–డబ్ల్యూను ఐదుసార్లు నొక్కితే, నాలుగుసార్లు టాబ్ మూతపడుతుంది. ఐదవసారి విండోయే మూతపడుతుంది. ఒకే మీట, ఒకే ఉద్దేశం, ఫలితం మాత్రం వేరు. లెక్క తప్పి ఆరవసారి నొక్కితే వెనుకనున్న మరొక విండోలోని నిరపరాధి టాబ్ బలి అవుతుంది. చివరి టాబును మూసినప్పుడు ఖాళీ పుట మిగలాలి, విండో ఉండాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఇలా మార్చుకొనే అమరిక ఉన్నది గాని, అది మామూలు అమరికల పుటలో కనబడదు. దాగి ఉన్న ఆ సౌకర్యమే అందరికీ మొదటి అమరిక కావాలి.

నాలుగవది, షార్ట్‌కట్లను వాడేవారు తమకు తగినట్లు మార్చుకొనే హక్కు. వివాల్డీ వంటి బ్రౌజర్లు దీనిని మొదటినుంచీ ఇస్తున్నాయి. తెలుగు రాసేవారికి కంట్రోల్–ఆర్ అడ్డు వస్తే దానిని తీసివేయగలగాలి. యూనిక్స్ అలవాటున్నవారు డబ్ల్యూను వేరొకచోటికి తరలించగలగాలి. ఆ మార్పు చేసేది మనిషే కావాలి, పుట కారాదు. అప్పుడు ఇంజనీరు సౌకర్యానికీ పెద్దల రక్షణకూ వైరుధ్యం ఉండదు.

అభ్యంతరాలు

ఇన్నేళ్ల అలవాటును మార్చితే జనం ఒప్పుకొంటారా అన్నది మొదటి అభ్యంతరం. దీనికి అనుభవమే సమాధానం. బ్యాక్‌స్పేస్ మీట నొక్కితే వెనుకటి పుటకు వెళ్లడం ఎన్నో ఏళ్ల సంప్రదాయం. దరఖాస్తు గడిలో అక్షరం చెరపబోయి, గడి బయట ఉన్నందువల్ల పుటనే పోగొట్టుకొన్నవారు అసంఖ్యాకులు. క్రోమ్ 2016లోను, ఫైర్‌ఫాక్స్ 2021లోను ఆ అలవాటును తొలగించాయి. కొందరు గట్టిగా నిరసించారు. పాత పద్ధతే కావాలన్నవారికి క్రోమ్ తయారీదారులే ఒక చేర్పును అందజేశారు. కాలక్రమంలో గొడవ సద్దుమణిగింది. రాత పోకుండా కాపాడడానికి పాత అలవాటును త్యజించడం సబబేనని అప్పుడు అంగీకరించినవారు, డబ్ల్యూ విషయంలో అంగీకరించకపోవడానికి కారణం కనబడదు.

రెండవ అభ్యంతరం మరింత బలమైనది. మీటను అదిమిపట్టడం, రెండు చేతులూ వాడవలసిరావడం అందరికీ సాధ్యం కాదు. చేతులు వణికే పెద్దలు, కీళ్లవాతం ఉన్నవారు, ఒక్క చేతితో పనిచేసేవారు ఉన్నారు. గోడ ఎత్తు పెంచడమంటే వారికి దారి మూయడమేనా? కారాదు. అందుకే అదిమిపట్టడానికి ప్రత్యామ్నాయంగా అదే కలయికను రెండుసార్లు నొక్కినా పనిచేసే ఏర్పాటు ఉండాలి. వణికే చేతికి పొరపాటు తాకిళ్లు ఎక్కువ. కనుక ఈ సంస్కరణ వల్ల అందరికంటె ఎక్కువ మేలు పొందేది కూడా వారేనని మరువరాదు.

గోప్య విండోలో ఏమీ దాచరాదు గదా, అక్కడ పరిహారం ఎలా అన్నది మూడవ ప్రశ్న. దాచరాదన్న మాట నిజమే. అక్కడ చర్య నిజంగా ఏకగతం. కనుక అక్కడ మాత్రం, పుటలో ముగియని రాత ఉన్నప్పుడు మాత్రమే, ఒక్క ప్రశ్న అడగడం న్యాయం. అరుదుగా అడిగే ప్రశ్న అలవాటు కాదు. అలవాటు కాని ప్రశ్నను మనిషి చదువుతాడు.

ఈ మార్పులు జరిగేలోగా ఇంటింటా చేయదగినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లోని పిల్లలూ పెద్దలూ మూడు కలయికలను కంఠస్థం చేయడం మంచిది: టాబును మూసేది, మూసిన టాబును తిరిగి తెచ్చేది, భయపెట్టే పుటనుంచి విండోతో సహా బయటపడేది. ఆపిల్ కంప్యూటర్లు వాడేవారు క్రోమ్ మెనూలో ముగించేముందు హెచ్చరించే అమరికను ఎంచుకోవచ్చు. లేదా కంప్యూటరు అమరికలలోని కీబోర్డు విభాగంలో ఆ కలయికనే మార్చుకోవచ్చు. పది వాక్యాలకు మించిన రాతను ఎప్పటికప్పుడు భద్రపరిచే సాధనంలో రాసుకొని, ఆ తరువాత దరఖాస్తులోకి చేర్చడం అన్నిటికంటె క్షేమం.

అయినా భారమంతా వాడేవారి మీద వేయడం న్యాయం కాదు. బ్రౌజర్లలోని ప్రతి మీటకూ మొదటి అర్థాన్ని ఎవరో ఒకరు ఒక సమావేశంలో కూర్చొని నిర్ణయిస్తారు. కోట్ల మంది ఆ నిర్ణయాన్ని మార్చకుండా, మార్చవచ్చునని కూడా తెలియకుండా జీవితాంతం వాడతారు. అటువంటి నిర్ణయాలు జరిగే చోట్ల పనిచేస్తున్న తెలుగు యువతీయువకులు నేడు తక్కువమంది కారు. 'కృష్ణ' అని రాయబోయి ఉత్తరం పోగొట్టుకొన్న తల్లి, తెర నిండా హెచ్చరికలు చూసి బెదిరిపోయిన తాతగారు వారికి తెలిసినవారే. ఆ సమావేశంలో కూర్చొన్న తక్కినవారికి తెలియకపోవచ్చు. ఆ ఇద్దరి తరఫునా అక్కడ మాట్లాడవలసిన బాధ్యత తెలిసినవారిదే. కావలసినది కొత్త శాస్త్రం కాదు, పందొమ్మిది మిల్లీమీటర్ల దూరాన్ని ఒక్క క్షణం పాటు పొడిగించడం.